పేరా గడగడా చదువుతారు, ‘దిస్’ అంటే ఏదో చెప్పలేరు. 8వ తరగతికి ఏం చేయాలి?

మానేరు టీచర్

అందరికీ నమస్తే. కరీంనగర్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తున్నాను. 8వ తరగతిలో 42 మంది. వీళ్లలో సగం మందికి పైగా పేరా పైకి చదవమంటే పెద్దగా తడబడకుండా చదివేస్తారు, విడిగా మాటల అర్థాలు అడిగినా చెప్తారు. కానీ చదివిన దాని మీద ప్రశ్న వేస్తే తల దించుకుంటారు. పోయిన వారం నేనే సొంతంగా నాలుగు వాక్యాలు రాసి బోర్డు మీద పెట్టాను:

“సీత హ్యాడ్ ఎ గోట్. షీ టుక్ ఇట్ టు ద ట్యాంక్ ఎవ్రీ ఈవినింగ్. వన్ డే ఇట్ డిడ్ నాట్ కమ్ బ్యాక్. దిస్ వరీడ్ హర్ మదర్, హూ హ్యాడ్ సోల్డ్ ది అదర్ వన్ ద వీక్ బిఫోర్.”

ఇందులో వాళ్లకు తెలియని మాట ఒక్కటీ లేదు. తల్లికి దిగులు ఎందుకు పట్టుకుందని ఇంగ్లిష్‌లో అడిగితే “దిస్ వరీడ్ హర్ మదర్” అని ఆ వాక్యాన్నే దించి రాశారు. “దిస్ అంటే ఏంట్రా?” అంటే “ఇది, మేడమ్” అన్నారు. “ఏది ఇది?” అంటే ఎవరూ మాట్లాడరు. తల్లి ఏం అమ్మిందంటే సీతను అమ్మిందని ఒకడు, చెరువును అమ్మిందని ఇంకొకడు. వాడు అల్లరికి చెప్పలేదు, నిజంగానే అలా అనుకున్నాడు. నాకు ఆ రోజు చాలా బాధేసింది.

పరీక్షల్లో ఇది బయటపడదు. అన్‌సీన్ ప్యాసేజ్‌లో ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి ఆ లైను రాసేస్తారు, మార్కులు కూడా పడతాయి. అయితే మా దగ్గర 2022-23 నుంచి ప్రభుత్వ బళ్లలో 8వ తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చాక సైన్సు, సోషల్ కూడా ఇదే భాషలో చదవాలి కదా, అక్కడ లైను దించితే ఏం లాభం? బీఈడీలో కొహీజన్ అని ఒక పాఠం చదివిన గుర్తు ఉంది, హాలిడే అన్న రచయిత పేరు తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని 45 నిమిషాల పీరియడ్‌లో నిజంగా వాడిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. థియరీ అక్కర్లేదు, రేపు బోర్డు మీద ఏం చేయాలో చెప్పండి చాలు.

దివిసీమ ఇంగ్లిష్ సార్

మేడమ్, చెరువును అమ్మిందన్న పిల్లాడు మీకు చాలా మేలు చేశాడు. వాడికి ‘ది అదర్ వన్’ దేనికో ఒకదానికి తగులుకోవాలని తెలుసు, వెనక్కి చూశాడు కూడా, కాకపోతే తప్పు మాటకు ముడి వేశాడు. ఏమీ చెప్పని పిల్లల కంటే వాడే ముందున్నాడు.

థియరీ వద్దన్నారు గానీ రెండు ముక్కలు చెప్పనివ్వండి. హాలిడే, రుఖయా హసన్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు కలిసి 1976లో ‘కొహీజన్ ఇన్ ఇంగ్లిష్’ అనే పుస్తకం రాశారు. హసన్ గారు మన ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌లో పుట్టారు, ఈ సంగతి మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. వాళ్లు చెప్పింది ఏమిటంటే, ఒక మాట అర్థం కావడానికి అదే పేరాలో ఇంకో మాట దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ రెండింటి మధ్య ఒక ‘టై’ ఉన్నట్టు. నేను దాన్ని ముడి అంటాను. ఇలాంటి ముడులతో పేరా కలిసి ఉండటమే కొహీజన్. రిఫరెన్స్, సబ్‌స్టిట్యూషన్, ఎలిప్సిస్, కంజంక్షన్, లెక్సికల్ కొహీజన్ అని ఐదు రకాలు చేశారు. ఈ పేర్లు మీకు తెలిస్తే చాలు, పిల్లలకు చెప్పకండి, చెప్తే వాటిని కూడా బట్టీ పట్టి మళ్లీ మన దగ్గరే అప్పజెప్తారు.

అసలు మన పిల్లలు ఇక్కడే ఎందుకు పడిపోతారో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. తెలుగులో ఎవరు చేశారో క్రియే చెప్పేస్తుంది. ‘వెళ్లాడు’ అంటే ఒక మగవాడు, ‘వెళ్లాను’ అంటే నేను, ‘వెళ్లారు’ అంటే చాలామంది లేదా ఒక పెద్దాయన. కర్తను వదిలేసినా నష్టం లేదు. ఇంగ్లిష్‌లో ‘వెంట్’ అంటే ఎవరైనా కావచ్చు, ఆ కబురు మోసేది ముందున్న ‘హీ’, ‘షీ’, ‘ఇట్’. మన పిల్లాడి కన్ను అలవాటు కొద్దీ వాక్యం చివర క్రియ దగ్గరికి పోతుంది, అక్కడ ఏమీ దొరకదు, దొరికే చోటేమో ముందే దాటేసి వచ్చేశాడు. పైగా మన ‘వచ్చింది’ సీతకూ సరిపోతుంది, మేకకూ సరిపోతుంది. ‘షీ’కీ ‘ఇట్’కీ తేడా పట్టించుకోవాల్సిన అవసరం వాడికి ఇంటి భాషలో ఎప్పుడూ రాలేదు.

ఇంకొకటి మర్యాద. “ద హెడ్‌మాస్టర్ కాల్డ్ రవి. హీ టోల్డ్ హిమ్ దట్ హీ హ్యాడ్ ఫెయిల్డ్” అని ఉందనుకోండి. తెలుగులో అయితే ‘ఆయన’ అన్నప్పుడు హెడ్‌మాస్టర్, ‘వాడు’ అన్నప్పుడు రవి అని చెవికే తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఇద్దరూ ‘హీ’. మా తరగతిలో చాలామంది హెడ్‌మాస్టరే ఫెయిలయ్యాడని రాశారు. అప్పటి నుంచి అలాంటి పేరా వస్తే ప్రతి ‘హీ’ పైన పెన్సిల్‌తో ‘ఆయన’ లేదా ‘వాడు’ రాయమంటాను. రెండు నిమిషాల పని, చిక్కు మాత్రం విడిపోతుంది.

రేపు బోర్డు మీద చేయాల్సింది ఇది. మీ నాలుగు వాక్యాలే తీసుకోండి. ‘షీ, ఇట్, ఇట్, దిస్, హర్, హూ, వన్’ చుట్టూ రంగు సుద్దతో సున్నాలు చుట్టండి. ఒక్కో సున్నా దగ్గర ఒక్కో పిల్లాడిని నిలబెట్టి, అక్కడి నుంచి వెనక్కి బాణం గీసి ఏ మాట దగ్గర ఆగాలో వాడినే చూపించమనండి. ఆ బాణం అక్కడే ఎందుకు ఆగిందో మిగతా వాళ్లు అడగాలి, ఇది మాత్రం వదలొద్దు, ఎందుకంటే ఊహతో సరైన జవాబు తగిలించే వాళ్లు కొందరు ఉంటారు. ‘దిస్’ దగ్గరికి వచ్చేసరికి బాణం ఒక మాట మీద ఆగదు, మూడో వాక్యం మొత్తం చుట్టూ గీత గీయాల్సి వస్తుంది. ఆ గీత గీసిన రోజున మీ పిల్లలకు ‘దిస్’ అర్థమైపోతుంది. ‘వన్’ కూడా అలాగే, ‘ఎర్రది, ఇంకోటి’ అని మనం అన్నట్టే ‘ది అదర్ వన్’ అని చెప్పండి, ఇంకోటి ఏంటని వాళ్లే అడుగుతారు.

ఒక పీరియడ్‌కు ఒక్క పేరా చాలు. పేరా పెద్దదైతే ఓపిక పోయి మళ్లీ మనమే చెప్పేస్తాం.

మా ఆంధ్రలో సైన్సు, సోషల్ పుస్తకాలు ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండేలా వస్తున్నాయి. ఇంగ్లిష్ పేజీలో ‘ఇట్’ మీద వేలు పెట్టి, తెలుగు పేజీలో అదే చోట ఏముందో చూడమంటాను. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు, లేదంటే అసలు పేరే మళ్లీ ఉంటుంది. ఆ ఖాళీని చూసినప్పుడు పిల్లలకు కలిగే ఆశ్చర్యం చూడాలి మీరు.

పద్యాల పంతులు

నేను తెలుగు చెప్తాను, ఇంగ్లిష్ నా సబ్జెక్టు కాదు, అయినా ఇది చదివాక ఊరుకోలేకపోతున్నాను. మీరు చెప్తున్నది మా దగ్గర అన్వయం, అంటే ఏ మాట ఏ మాటతో కలుస్తుందో చూపించడం. పద్యం చెప్పేటప్పుడు ముందు ప్రతిపదార్థం, తర్వాత అన్వయం, ఆ తర్వాత తాత్పర్యం. మీ ఇంగ్లిష్ క్లాసులు నేను పక్క గదిలోంచి వింటుంటాను కదా, మాటలకు అర్థాలు చెప్పేసి నేరుగా సారాంశంలోకి దూకేస్తారు, మధ్యలో అన్వయం లేదు. పిల్లాడికి ఇటుకలు ఇచ్చి, కట్టిన ఇల్లు చూపించి, గోడ ఎలా లేచిందో చెప్పకుండా వదిలేసినట్టు.

పాతకాలం సంస్కృత చదువులో ఖండాన్వయం అని ఒక పద్ధతి ఉంది. ముందు క్రియ పట్టుకుంటారు. ఎవరు చేశారు? దేన్ని? ఎక్కడ? ఎలాంటివాడు? అని ఒక్కో ప్రశ్న వేస్తుంటే ఒక్కో మాట వచ్చి దాని చోట కూర్చుంటుంది. క్రియ వినగానే మనసులో ‘ఎవరు?’ అని పుట్టే ఆ ఆత్రాన్నే ఆకాంక్ష అన్నారు. మీ పిల్లలకు ‘సోల్డ్’ చదివినప్పుడు ఆ ఆకాంక్ష పుట్టడం లేదు. పుట్టించడం నేర్పాలి, దానికి రోజూ పైకి అడగడం తప్ప దారి లేదు.

లెక్సికల్ అని సార్ అన్నారే, ఒకే వస్తువును రకరకాల పేర్లతో పిలవడం, అదీ మా పిల్లలకు కొత్త కాదు. పర్యాయపదాలు 6వ తరగతి నుంచీ రాస్తున్నారు. చిక్కేమిటంటే అవి మార్కుల కోసం రాసే జాబితాగా మిగిలిపోయాయి. పాఠంలో మొదట పులి అని, తర్వాత ఆ జంతువు అని, ఆ తర్వాత ఆ క్రూరమృగం అని వస్తే మూడూ ఒకటేనని తెలుగులోనే కొందరు పట్టుకోలేరు. కాబట్టి మేడమ్, ముందు ఒక తెలుగు పేరా మీద ఇదే బాణాల ఆట ఆడించి చూడండి. తెలుగులో గీయలేని వాళ్లు ఎవరో, తెలుగులో గీసి ఇంగ్లిష్‌లో గీయలేని వాళ్లు ఎవరో విడిపోతారు. రెండు గుంపులకూ ఒకే మందు పనిచేయదు.

సముద్రం పక్క బడి

సార్ల మాటలు కాదనను, కానీ నా అనుభవం వేరు. రెండేళ్ల క్రితం ఒక టర్మ్ అంతా ఇదే పట్టుకుని చేశాను. పిల్లలు బాణాలు అద్భుతంగా గీశారు. తర్వాత పాఠంలో లైట్‌హౌస్ గురించి ఒక పేరా వచ్చింది. ‘ఇట్’ అంటే లైట్‌హౌస్ అని అందరూ చూపించారు. అది ఎందుకు ఉంటుందంటే దీపాలు అమ్మే కొట్టు అని ఒకమ్మాయి, కరెంటు ఆఫీసని ఇంకో అబ్బాయి. ముడి సరిగ్గానే వేశారు, ఆ ముడికి అవతల ఏముందో మాత్రం తెలియదు. మాది సముద్రం ఒడ్డున ఉన్న ఊరే, వాళ్లు దూరం నుంచి రోజూ చూసే దీపస్తంభమే అది, కాకపోతే ఆ ఇంగ్లిష్ మాట దానిదేనని తట్టలేదు.

ప్యాట్రీషియా కారెల్ 1982లో టెసాల్ క్వార్టర్లీ అనే ఇంగ్లిష్ బోధన పత్రికలో ఒక వ్యాసం రాశారు, కొహీజన్ వేరు, కొహీరెన్స్ (పేరా మొత్తానికి ఒక అర్థం కుదరడం) వేరు అని దాని పేరే చెప్తుంది. పేరాకు అర్థం వచ్చేది ముడుల వల్ల మాత్రమే కాదు, చదివేవాడు తన బుర్రలో ఉన్నది తెచ్చి కలిపితేనే అన్నది ఆవిడ వాదన. దీనికి నేనొక ఉదాహరణ చెప్తాను చూడండి. “మా మామయ్య బైక్ కొన్నాడు. ఆ బైక్ ఎర్రగా ఉంది. ఎరుపు మిరపకాయ రంగు. మిరపకాయలు గుంటూరు యార్డుకు వస్తాయి. ఆ యార్డు చాలా పెద్దది.” ప్రతి వాక్యం ముందు వాక్యానికి ముడిపడే ఉంది, మొత్తం మీద చెప్పిన విషయం ఏమైనా ఉందా? లేదు.

అందుకని నేను ఇప్పుడు పాఠం మొదలుపెట్టే ముందు పది నిమిషాలు తెలుగులోనే మాట్లాడిస్తాను, ఆ విషయం గురించి మీకేం తెలుసు, ఎక్కడ చూశారు అని. బాణాలు ఆ తర్వాతే. బాణాలు మానేయమని అనడం లేదు, వాటితోనే అంతా అయిపోతుందని ఆశ పెట్టుకుని నాలాగా ఒక టర్మ్ పోగొట్టుకోవద్దని చెప్తున్నాను.

దివిసీమ ఇంగ్లిష్ సార్

మీ మాట నిజం మేడమ్, ఒప్పుకుంటాను. తెలియని విషయం మీద ఉన్న పేరాకు బాణాలు ఏమీ చేయలేవు. కానీ మానేరు మేడమ్ రాసిన పేరాలో తెలియని విషయం ఏముంది? మేక, చెరువు, అమ్మ, అమ్మకం. అన్నీ ఇంట్లో చూసేవే. అక్కడ తెగింది ముడే. అందుకే మొదటి రెండు వారాలు ఊళ్లో విషయాల మీదే పేరాలు రాసుకుని చేయమంటాను, ముడి ఒక్కటే కొత్తగా ఉండేలా.

ఇందాక చెప్పడం మర్చిపోయింది కంజంక్షన్ల గురించి. ఇవి పెద్ద తరగతుల్లో ఇంకా ఎక్కువ దెబ్బ కొడతాయి. ‘వాన పడినా ఆడారు’లో ఆ ‘నా’ క్రియకు తోకలా అంటుకుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘ఆల్‌దో’ అని వాక్యం నెత్తిన కూర్చుంటుంది. ‘అన్‌లెస్’ కూడా అంతే, మన ‘రాకపోతే’లోని ‘కపోతే’ అది. పిల్లలు నెత్తిన ఉన్నదాన్ని వదిలేసి మిగతాది చదివితే అర్థం తలకిందులవుతుంది. ‘బికాజ్’ ఇంకో రకం. మనం కారణం ముందు చెప్పి ‘కాబట్టి’ అని ఫలితం చెప్తాం, అక్కడ ఫలితం ముందు వచ్చి కారణం వెనకొస్తుంది. “ద క్రాప్ ఫెయిల్డ్ బికాజ్ ద కెనాల్ వాజ్ డ్రై” అన్నదానికి పంట పోయింది కాబట్టి కాలువ ఎండిపోయింది అని రాసిన పిల్లలు నాకు ప్రతి ఏడూ ఉంటారు. మా దగ్గర అందరివీ కాలువ కింద పొలాలే, ఏది ముందో వాళ్లకు నాకంటే బాగా తెలుసు, అయినా రాస్తారు. వాక్యాన్ని రెండు కాగితం ముక్కలుగా కత్తిరించి, ఏది ముందు జరిగిందో బెంచీ మీద పేర్చమనండి. నోటితో పది సార్లు చెప్పేకన్నా అదే తొందరగా పట్టుకుంటారు.

నాలుగో తరగతి అమ్మ

నేను టీచర్‌ని కాదు, మా పాప కోసం చదువుతున్నాను. ప్రైవేటు ఇంగ్లిష్ మీడియంలో చదువుతోంది, ఫీజులు కట్టలేక కడుతున్నాం, అక్కడా ఇదే కథ. యాస భలే ఉంటుంది, చదివింది చెప్పమంటే ‘హీ’ ఎవరో తెలియదు. రాత్రి మీరు చెప్పినట్టు కథ పుస్తకంలో ఒక పేజీ తీసుకుని పెన్సిల్‌తో బాణాలు గీయించాను. ఐదో బాణం దగ్గర “అమ్మా, అంటే కుక్కపిల్లను దాచింది తమ్ముడా?” అంది. ఆ కథ అప్పటికే మూడుసార్లు చదివింది. మీ అందరికీ దండాలు. ఇంట్లో చేయడానికి ఇంకేమైనా ఉంటే చెప్పండి, మాకు పెద్దగా ఇంగ్లిష్ రాదు.

పద్యాల పంతులు

అమ్మా, మీకు ఇంగ్లిష్ రాకపోవడం ఇక్కడ అడ్డు కాదు. రాత్రి పడుకునేటప్పుడు తెలుగులో కథ చెప్పండి, మధ్యలో ఆగి “అప్పుడు వాడు ఏడ్చాడు” అని “ఎవరు ఏడ్చారు?” అని అడగండి. మాట వెనకాల మనిషిని వెతికే అలవాటు ఒక భాషలో పడితే రెండో భాషకు నెమ్మదిగా అదే పాకుతుంది. పాప మీకు తెలియని పేజీ చదివినా సరే, “ఎవరు? ఏది?” అని అడగడానికి మీకు ఆ పేజీ వచ్చి ఉండక్కర్లేదు.

మానేరు టీచర్

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను, ఆలస్యానికి ఏమనుకోకండి, యూనిట్ టెస్టుల హడావిడి.

పంతులు గారు చెప్పినట్టు ముందు తెలుగు పేరా ఇచ్చాను. నేను ఊహించని సంగతి అక్కడే తెలిసింది. ఇంగ్లిష్‌లో వెనకబడ్డారని నేను అనుకుంటున్న వాళ్లలో కొందరు తెలుగులో చకచకా గీసేశారు, ఎప్పుడూ మొదటి బెంచీలో కూర్చుని గడగడా చదివే ఇద్దరు మాత్రం తెలుగులోనూ గీయలేకపోయారు. నేను ఇన్నాళ్లూ వాళ్ల గొంతు చూసి మోసపోయాను. ఆ ఇద్దరితో మధ్యాహ్న భోజనం తర్వాత విడిగా కూర్చుంటున్నాను.

‘దిస్’ చుట్టూ గీత గీసిన రోజు మాత్రం మర్చిపోలేను. చెరువును అమ్మిందన్న అబ్బాయే లేచి వచ్చి మూడో వాక్యం మొత్తం చుట్టేశాడు. “మేక రాకపోవడమే దిస్ మేడమ్, ఇంకో మేకను ముందు వారమే అమ్మేశారు కదా, అందుకే వాళ్లమ్మకు టెన్షన్” అన్నాడు. వాళ్లింట్లో మేకలు ఉన్నాయట, ఒకటి పోతే ఎంత నష్టమో కూడా క్లాసుకు వాడే వివరించాడు. లైట్‌హౌస్ గురించి రాసిన మేడమ్ గారూ, మీరన్నది నాకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

మారనివి కూడా చెప్పాలి. లైను దించి రాయడం ఇంకా పోలేదు. సోషల్ పాఠంలో పేరాలు పెద్దవి, ఒక్క పేరాలోనే ఇరవై ముడులు ఉంటాయి, అక్కడ అన్నీ గీయడం నా వల్ల కాలేదు, మూడు మాత్రమే ఎంచుకుని వాటి దగ్గరే ఆగుతున్నాను. ఏ మూడు ఎంచుకోవాలన్నదే ఇప్పుడు నా తలనొప్పి.

ఒక సందేహం మిగిలింది. నిన్న “ఇట్ వాజ్ రెయినింగ్” అని వస్తే ఒక పాప సున్నా చుట్టి, బాణం ఎక్కడికి గీయాలో తెలియక వెనక్కి వెనక్కి వెతికి చివరికి “ఈ ఇట్ ఎవరు మేడమ్?” అని అడిగింది. నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

దివిసీమ ఇంగ్లిష్ సార్

ఆ పాపకు నా తరఫున ఒక పెన్ను బహుమతి ఇవ్వండి. ఆ ‘ఇట్’కు ముడి లేదు. ఇంగ్లిష్‌లో కర్త చోటు ఖాళీగా ఉండకూడదని ఊరికే పెట్టిన మాట అది. మనం ‘వాన పడుతోంది’ అంటాం, పడేది వానే కాబట్టి వేరే ఎవరూ అక్కర్లేదు. వాన, ఎండ, చలి, టైము, దూరం గురించి చెప్పేటప్పుడు వచ్చే ‘ఇట్’ చాలావరకు ఇలాంటిదే, దానికి బాణం బదులు ఒక ఇంటూ గుర్తు పెట్టమనండి. మా పిల్లలు దాన్ని ‘ఒంటరి ఇట్’ అంటారు.

మూడు ముడుల సంగతి. జవాబు మారిపోయేవి ఎంచుకోండి. ఏ ముడి తప్పు వేస్తే పేరా అర్థం తిరగబడుతుందో అది ఒకటి, ‘దిస్’ లాగా వాక్యం మొత్తాన్ని పట్టుకునేది ఒకటి, ఒక ‘బట్’ గానీ ‘ఆల్‌దో’ గానీ ఒకటి. మిగతావి వదిలేయండి, అవి చదువుతుంటే వాటంతట అవే పడతాయి. సోషల్ పేరా ఏదైనా ఒకటి ఇక్కడ రాయండి, ఏ మూడో అందరం కలిసి చూద్దాం.